నాకింకా జ్వరమే

రెండేళ్ల మూడు నెలలుగా
ఈ ఇంట్లో నాకు జ్వరమే.
పోయానని ఎవరూ అనరు.
దక్షిణపు గదిలో, తల పడమరకి పెట్టి పడుకోబెట్టారు.
దున్నలు కుదిరేదాకా మా తొరాజా కొండల్లో
మనిషికి చావు రాదు.

పొద్దున్నే రుపాంగ్ కాఫీ తెస్తుంది.
"లే, చల్లారిపోతుంది" అంటుంది,
నలభై ఆరేళ్లుగా అన్నట్టే, అదే విసుగుతో.
తలగడ దగ్గర గ్లాసు పెట్టి
ఊరి సంగతులు చెప్తుంది:
వరికొట్టు కప్పు కారుతోందట,
సంపే మకస్సర్ నుంచి డబ్బు పంపాడట, చాలదట,
మచ్చల దున్న ధర మళ్లీ పెరిగిందట.
నేను వింటాను. వినడం ఒక్కటే మిగిలింది.
కాదు, కాఫీ వాసన కూడా.

బతికినన్నాళ్లూ నా పని
పోయినవాళ్లకి బొమ్మలు చెక్కడం.
పనసకర్ర. ఏడాది ఆరితే తేనె రంగుకొస్తుంది.
ఒక చెయ్యి వెల్లకిలా, అడగడానికి.
ఇంకో చెయ్యి నిటారుగా, దీవించడానికి.
ఎప్పుడూ కళ్లు ఆఖరున పెట్టేవాణ్ణి,
ఎముక తెలుపు, కొమ్ము నలుపు.
కొండరాతి అరుగు మీద బొమ్మని నిలబెట్టాక
ఎవరో ఒకావిడ నా చొక్కా పట్టుకునేది,
"ఆయనకి కనిపిస్తామా?"
"కనిపిస్తారు" అనేవాణ్ణి.
కూలిలో అదీ కలిసే ఉంది.
అబద్ధమాడావురా అని
పైనుంచి ఒక్కడూ దిగి రాలేదు.

మరి ఇప్పుడు తెలిసిందా అంటే,
సగం సగం.
కనపడటం అన్న మాట కుదరదు.
మంచు దిగిన పూట కాఫీతోటలో నడుస్తుంటే
ముందు ముఖానికి ఏదో తగులుతుంది,
తర్వాత కొమ్మని తెలుస్తుంది చూడు,
అలా తగులుతారు వీళ్లు.

పుయా గురించి అమ్మ చెప్పేది.
దక్షిణాన, కొండలవతల, అక్కడా పొలాలుంటాయి,
దున్న మీదెక్కి వెళ్లాలి,
ఎన్ని దున్నలు కోస్తే ప్రయాణం అంత సుఖం.
పాస్టరు ఇంకోలా చెప్పాడు, వెలుగు, మెట్లు,
పేరు పెట్టి పిలుస్తారట.
ఇద్దరికీ తలూపాను.
ఇప్పుడూ ఊపేవాణ్ణే, తల కదిలితే.
దాచడం దేనికి, నాకే దారీ కనిపించడం లేదు.
ఉన్నది ఈ గది దూలం,
దాని మీద పదేళ్లప్పుడు దొంగచాటుగా నేను చెక్కిన కప్ప.
నాన్న చూసి చితకబాదాడు. కప్పని మాత్రం చెరపలేదు.
ఆత్మంటే ఇంకా పెద్దదేదో అనుకున్నాను.

నిన్న రేరుంగ్ వచ్చాడు, ఒళ్లో కర్ర తలకాయతో.
"తాతా, ఎడమ చెవి కాస్త పెద్దదైంది, ఏమనుకోకు."
నా చెవి అంతేరా,
పదకొండేళ్లు పక్కన కూర్చుని ఒక్కసారీ చూళ్లేదు నువ్వు.
"కళ్లు ఎటు చూడాలి?"
బతికుంటే టక్కున చెప్పేవాణ్ణి:
లోయ వైపు, పొలాల వైపు, అందరికీ అదే కదా.
ఇప్పుడైతే నోరున్నా చెప్పలేను.
వాడు కాసేపు ఆగి
జేబులోంచి కొమ్ముముక్క తీసి
కిటికీ వెలుగుకి అడ్డం పెట్టి చూసుకున్నాడు.
ఏమీ అనకుండా వెళ్లిపోయాడు.

వానలు వెనకబట్టాక నాలుగు దున్నలట.
సంపే అప్పు చేశాడు.
ఆ రోజు నా తల దక్షిణానికి తిప్పుతారు.
అప్పుడే చస్తాను. ఏడుపులూ అప్పుడే.
ఒక్కటి చాలురా, మిగతా దారి నడిచి పోతాను అందామంటే
జ్వరంలో ఉన్నవాడి మాట ఎవడు పట్టించుకుంటాడు!

ఇవాళ కాఫీ ఆలస్యమైంది.
రుపాంగ్ గడప మీద చాలాసేపు కూర్చుంది.
కప్పు సంగతి ఎత్తలేదు, దున్నల సంగతీ ఎత్తలేదు.
లేచి వచ్చి గ్లాసు నా పక్కన పెట్టింది.
మళ్లీ తీసుకుని
సగం తాగింది.
"చల్లారిపోయింది" అంది.
మిగిలిన సగం అక్కడే ఉంచి
చీపురు వెతుక్కుంటూ వెళ్లింది.